చిట్టీ, ముందు ఆ చప్పుడు సంగతి చూడు

ఒంగోలు,
మే 11, ఆదివారం

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పండు వాళ్ల దూడ తాడు తెంపుకొని వచ్చి మన గోరింట చెట్టును సగం మేసింది. వరండాలో మల్లె ఈ ఏడు విరగబూసింది, అమ్మ రోజూ మాల కట్టి సగం పక్కింటి పిల్లకు ఇస్తోంది. ఇవన్నీ ఫోనులో చెప్పుకునే మాటలే. నువ్వు ఫోను ఎత్తి 17 రోజులయింది. నీకు పని ఎక్కువగా ఉంటుందని తెలుసు. అందుకే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను. రాసేది నీ పికప్ బండి గురించే, వేరే ఏమీ లేదు.

నువ్వు చివరిసారి పంపిన వీడియో 14 సెకన్లు. "నాన్నా, వెనక ఏదో చప్పుడు, విని చెప్పు" అని కింద రాశావు. తెల్లవారుజామున, వీధిలో పాలబండ్లు తిరగక ముందు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. అయిదో సెకను దగ్గర టకటకమని మూడు దెబ్బలు, తొమ్మిదో సెకను దగ్గర మళ్లీ రెండు. మధ్యలో బండి ఒక పెద్ద గుంటలో దిగి లేచింది, అప్పుడు చప్పుడు లేదు. చిన్న గతుకుల మీదే ఉంది. బ్రేకు మీద కాలు ఉన్నప్పుడు కూడా వస్తోందా అని ఆ రోజే అడిగాను. జవాబు రాలేదు.

ఎందుకు అడిగానంటే, చప్పుడు వస్తున్నప్పుడు బ్రేకును మెత్తగా తాకిస్తే ఆగిపోయిందనుకో, వెనక బ్రేకు డ్రమ్ముల లోపల చూడాలి. ఆగకపోతే కమాను కట్టల వైపు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల వైపు రావాలి. పెద్ద గుంటలో దిగినప్పుడు ధన్‌మని ఒక్కటే దెబ్బ వినిపిస్తే దారి వేరు. బండిని మూడు అంగుళాలు ఎత్తించావు కదా, షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచి ఉంటే, చక్రం కిందికి వేలాడినప్పుడు అవి పూర్తిగా సాగి చివర తగులుతాయి. 40 మైళ్ల వేగం దాటాక సీటు కింద వణుకు పుడితే అది ఇంకొకటి, ఎత్తు పెంచినందువల్ల, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారిందన్నమాట. నీ వీడియోలో ఉన్నది ఈ రెండూ కాదు. చిన్న గతుకుకు వరసగా మోగుతోందంటే ఏదో వదులుగా ఉంది. ఆ వదులు జాకీ రాడ్డుదయితే నాకు బెంగ లేదు. కమాను కట్టదయితే ఉంది.

కాబట్టి ముందు బండిని ఖాళీ చెయ్యి. వెనక తొట్టిలోవి, సీటు వెనక దాచినవి, నీళ్ల డబ్బాలు, పార, అన్నీ దించి అదే రోడ్డు మీద ఒకసారి నడిపి చూడు. తొట్టి కింద గొలుసుకు వేలాడే స్పేరు చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపు. అది ఒక్క చుట్టు వదులైనా చాలు, ఛాసిస్‌కు తగిలి అచ్చం ఇలాగే మోగుతుంది. సైలెన్సర్ మీది రేకును పిడికిలితో తట్టి చూడు, చల్లారాకే సుమా. పోయినసారి చెయ్యి కాల్చుకున్నావు.

నిన్న సుగుణ అత్తయ్య వచ్చింది. కాఫీ తాగుతూ, "మీ అమ్మాయి ఎడారిలో ఒక్కతే తిరుగుతోందట కదా అన్నయ్యా, రాత్రిళ్లు బండిలోనే పడుకుంటోందట, మావాడు చెప్పాడు" అంది. నేను ఏమీ అనలేదు. నీ ఇంటర్ ఫలితాలప్పుడు అత్తయ్య చేసింది నేను మరిచిపోలేదు, ఆ నోటి మాట పట్టుకొని నిన్ను నిలదీయను. అయితే ఊరి పేరు కూడా చెప్పింది. అమెరికాలో మీ వైపు ఎడారి డెత్ వ్యాలీ, అందులో రేస్‌ట్రాక్ అనే చోటు. రాత్రి మ్యాపులో వెతికాను. ఎండిన మడుగు మీద రాళ్లు జాడలు గీసుకుంటూ కదులుతాయట. పల్చటి మంచు పలకలు కరిగేటప్పుడు గాలి తోస్తే కదులుతున్నాయని 2014లో తేల్చారట. చూడవలసిన చోటే, కాదనను. కానీ తారు రోడ్డు వదిలాక 25 మైళ్లకు పైనే మట్టి దారి, పొడుగునా అలలు అలలుగా గతుకులే, ఫోను సిగ్నల్ ఉండదు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది ఆ లోయలోనే. వదులుగా ఉన్న నట్టును పూర్తిగా విప్పడానికి అంతకంటే తగిన దారి ఉండదు తల్లీ.

సరే, యూ బోల్టుల సంగతి చెబుతాను. ఇరుసును కమాను కట్టకు బిగించి పట్టుకునేవి అవే. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు పని పట్టీలను వరసలో ఉంచడం, ఇరుసును దాని చోటులో కూర్చోబెట్టడం, అంతే. బండి బ్రేకు వేసినప్పుడు వచ్చే బలం మొయ్యడానికి దాన్ని చెయ్యలేదు. ఎత్తు పెంచడానికి నీ బండికి కొత్త పట్టీ వేశారు. కొత్త పట్టీకి రంగు ఉంటుంది, అది నలిగి పట్టీలు సర్దుకునేసరికి బిగింపు సడలుతుంది. అందుకే ఎత్తు పెంచిన బండిని 500 మైళ్లు నడిపాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. మార్చిలో వేయించావు. మళ్లీ బిగించారా? అడిగావా? బిల్లు మీద రాశారా?

నువ్వు పుట్టకముందు, 1994 శివరాత్రి రోజుల్లో జరిగింది చెబుతాను. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మీద స్పెషల్ బస్సులు తిరుగుతున్నాయి. ఒక డ్రైవర్ గారు రాత్రి బస్సు అప్పగిస్తూ, వెనక ఎడమవైపు చప్పుడు వస్తోందని రాశారు. నేనప్పుడు డిపోలో మేస్త్రీని. బస్సును గుంట మీద నిలిపి, కిందికి దిగి, సుత్తితో తట్టాను, రాడ్డు పెట్టి ఎత్తి చూశాను. ఏమీ కదలలేదు. లాగ్ షీటులో "చప్పుడు లేదు" అని రాసి సంతకం పెట్టాను. రెండో రోజు మళ్లీ రాశారు. మళ్లీ చూశాను, మళ్లీ అదే రాశాను. మూడో రోజూ అంతే. ఖాళీ బస్సు, కదలకుండా నిలబడి ఉన్న బస్సు. అందులో ఏం మోగుతుంది? ఆ మాట నాకు తట్టలేదు. జాతర రోజులు, ఒక్కో రాత్రి ఇరవై బస్సులు చూడాలి, కళ్లు మూతలు పడుతుండేవి.

నాలుగో రోజు ఆ డ్రైవర్ గారు ఏమీ రాయలేదు. నా దగ్గరికి వచ్చి, "మేస్త్రీ, ఒక ట్రిప్పు నాతో రా" అన్నారు. వెనక చివరి సీటులో కూర్చున్నాను. బస్సు నిండా జనం, కాళ్ల దగ్గర మూటలు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కి మూడు మలుపులు తిరిగామో లేదో మొదలైంది. కల్వర్టు వచ్చినప్పుడల్లా టకటకమని. చక్రం పైన నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. చప్పుడు చెవికి రాకముందే చేతికి వచ్చేది. శిఖరం దగ్గర ఆపమని చెప్పి కిందికి దూరాను. యూ బోల్టు ప్లేటు అంచు వెంట ఎర్రటి పొడి, ఇటుకను నూరినట్టు సన్నగా, గీత గీసినట్టు ఉంది. పక్కనంతా మట్టి పట్టి ఉంటే అక్కడ మాత్రం ఇనుము అద్దంలా మెరుస్తోంది. నట్టు మీద చెయ్యి వేస్తే వేళ్లతో తిరిగింది. సెంటర్ బోల్టు తల లేదు, తెగిపోయింది. ఇరుసు తన చోటు నుంచి వెనక్కి జరిగింది. మూడు రోజులుగా ఆ ఘాట్ దిగుతున్నది అలాంటి బస్సు. జనాన్ని వేరే బస్సులు ఎక్కించి పంపాం. డ్రైవర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. రోడ్డు పక్కన రాయి మీద కూర్చొని ఫ్లాస్కులో టీ మూతలో పోసి నాకిచ్చారు. ఆ మూడు సంతకాలు ఇప్పటికీ నాకు కళ్ల ముందు కనిపిస్తాయి.

కాబట్టి నీ బండి కింద నువ్వు వెతకవలసింది ఆ ఎర్రటి పొడినే, ఆ మెరుపునే. జాకీ అక్కరలేదు, చక్రాలు నేల మీదే ఉండాలి. సమంగా ఉన్న చోట ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టు. పక్క ఫ్లాటు అమ్మాయిని తొట్టి అంచు పట్టుకొని అటూ ఇటూ ఊపమను. నువ్వు కింద పడుకొని ఒక వేలు షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే కొక్కెం) పక్కన, ఒక వేలు ఛాసిస్ మీద ఉంచు. అందులోని రబ్బరు బుష్ అరిగి ఉంటే రెండు వేళ్లకూ తేడా తెలుస్తుంది. వేలు సందులోకి పోనివ్వకు. షాక్ అబ్జార్బర్ పైచెవి, కిందిచెవి అలాగే చూడు. పట్టీలను కలిపి ఉంచే క్లిప్పులు వదులై పట్టీకి కొట్టుకోవడమూ ఉంది, రబ్బరు సుత్తితో తడితే తెలుస్తుంది. తరవాత టేపు తీసుకొని కమాను ముందు బోల్టు నుంచి ఇరుసు మధ్య వరకు కొలువు, రెండు వైపులా. కొలతలో తేడా వస్తే బండి అక్కడే వదిలేసి నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రి అయినా సరే.

బిగించేటప్పుడు బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచి వాడమను, ఎంత బిగించాలో ఎత్తు పెంచే కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. పాత యూ బోల్టులే వేసి ఉంటే కొత్తవి కొనిపించు, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు. రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి కొన్నాళ్లకు చిరుగుతుంది. షాపు వాళ్లు తొందరలో ఈ పని చేస్తారు. పక్కన నిలబడి చూడు. ఆడపిల్లవని ఏదో ఒకటి చెప్పి పంపబోతే మా నాన్న 34 ఏళ్లు బస్సు కమానులు బిగించాడని చెప్పు.

ఎడారికి వెళ్లవద్దని నేను రాయడం లేదు. ఎండాకాలం దాటాక వెళ్లు. రెండు బండ్లుగా వెళ్లు. ఏ దారిన వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో ఒకరికి చెప్పి వెళ్లు, ఆ ఒకరు మేమే కానక్కరలేదు. నీళ్లు లెక్కకు రెట్టింపు పెట్టుకో. చెప్పకుండా వెళ్తే కోప్పడతానని దాచి ఉంటే, కోప్పడను. బండిలో పడుకుంటే కిటికీ కాస్త దించి పడుకో. రాత్రి అన్నం తింటున్నావా? అమ్మ కందిపొడి, నిమ్మకాయ పచ్చడి కట్టి ఉంచింది. రాజమండ్రి వాళ్ల అబ్బాయి జూన్‌లో వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను.

నట్టు నుంచి బోల్టు మీదికి తెల్ల రంగుతో గీత గీయడం నీకు తెలుసు. ఏడేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో డిపోలో నా పక్కన కూర్చొని ఆ గీతలన్నీ గీసింది నువ్వే. గీత విడిపోతే నట్టు తిరిగినట్టు. ఈ ఆదివారం బిగించి, గీతలు గీసి, నాలుగు నట్లూ కనిపించేలా ఫొటో తీసి పంపు. నీ చెయ్యి కూడా పడేలా తీయి. అమ్మ చూస్తుంది.

ఆశీస్సులతో,
నాన్న