పార్కులో ఒక్క పవర్ ర్యాక్ పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి పార్కులో ఓపెన్ జిమ్ ఉంది. పొద్దున్నే పెద్దవాళ్లు నడక అయ్యాక ఆ మెషీన్ల మీద కాళ్లూ చేతులూ ఆడించుకుంటారు, అది మంచిదే, దాన్ని తీసేయమని నేను అనడం లేదు. కానీ బరువులెత్తాలనుకునే పిల్లలకి అక్కడ ఏమీ లేదు. వాటిలో చాలా మెషీన్లకి మన ఒంటి బరువే బరువు, ఈ వారం 40 కిలోలు ఎత్తినవాడు వచ్చే వారం ఇంకో రెండున్నర కిలోలు కలుపుకుందామంటే వీలుండదు. అందుకే కుర్రాళ్లు వెల్డింగ్ షాపులో ఏదో ఒక స్టాండు చేయించుకుని మేడ మీద పెట్టుకుంటున్నారు. మేమూ అదే చేశాం, మా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది.

మొదట మేం చేయించుకున్నవి విడివిడిగా నిలబడే రెండు స్టాండ్లు. ఒకరోజు వాడు ఒక్కడే బెంచ్ మీద పడుకుని 60 కిలోలు ఎత్తుతుంటే చివరిసారి బార్ లేవలేదు, ఛాతీ మీద నుంచి మెడ వైపు జారింది. బార్ కొసలకి ఎక్కించిన బరువు ప్లేట్లకి క్లిప్పులు బిగించి ఉన్నాయి, పక్కకి వంచి ప్లేట్లు పడేద్దామన్నా కుదరలేదు. కింద గదిలో ఉన్న నాకు కాళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించబట్టి సరిపోయింది.

ఆ తర్వాతే పవర్ ర్యాక్ చేయించాం. నాలుగు నిలువు పైపులు, వాటిని కలిపే అడ్డ పైపులు, బార్ పెట్టుకునే కొక్కేలు, అటూ ఇటూ రెండు సేఫ్టీ రాడ్లు, అంతే. రాడ్లని ఛాతీ ఉబ్బించినప్పటి ఎత్తుకి కాస్త కిందగా, మెడకి పైగా పెట్టుకుంటే చెయ్యి పట్టు తప్పినా బార్ వాటి మీదే ఆగుతుంది. కానీ ఇది గేట్లు, గ్రిల్స్ చేసినట్టు అంచనాతో చేస్తే కుదరదు. మాకు మొదటిసారి వెడల్పు నాలుగున్నర అడుగులు, అంటే 137 సెంటీమీటర్లు పెట్టేశారు, ఏడడుగుల ఒలింపిక్ బార్‌కి ప్లేట్లు ఎక్కించే రెండు కొసల మధ్య ఉండేది 131 సెంటీమీటర్లే, ఇంక కొక్కేల మీద ఎలా కూర్చుంటుంది? కోయించి మళ్లీ అతికించాం. పైపు మందం కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలని, కొక్కేలు, రాడ్లు దూర్చే ఎదురెదురు రంధ్రాలు ఒకే ఎత్తులో లేకపోతే బార్ ఒక పక్కకి వాలుతుందని, పైనుంచి పడే 100 కిలోలు రాడ్ మీద అంతకు ఎన్నో రెట్లు దెబ్బ వేస్తుందని ఆ పనిలోనే తెలిసింది. మొత్తం పద్నాలుగు వేల దాకా అయింది, అందులో రెండోసారి చేయించిన కూలీ కూడా ఉంది.

ఆ డబ్బు పెట్టలేని పిల్లలు సన్న పైపుతో, రాడ్లు లేకుండా కానిచ్చేస్తున్నారు. నాకు టెన్షన్ అదే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మా శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. పక్కన విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అనే పల్లె పేరు చెబితేనే లిఫ్టర్లు గుర్తొస్తారు. స్నాచ్ (బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) చేసేవాళ్లకైనా స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) తప్పదు, స్క్వాట్ బరువు పెరిగేకొద్దీ ర్యాక్ లేకుండా చేయకూడదు. ఇలాంటి చోట పార్కుకి ఒకటి, కనీసం మండలానికి ఒక హైస్కూలు గ్రౌండులో ఒకటి పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఐటీఐల్లో వెల్డర్, ఫిట్టర్ ట్రేడ్ పిల్లలున్నారు, ఇంజనీరు చేత డ్రాయింగ్ గీయించి వాళ్లకే ఈ పని ఇవ్వొచ్చు. కాంక్రీటు దిమ్మెలో బోల్టులతో బిగించాలి, సేఫ్టీ రాడ్లు ఎవరూ పట్టుకుపోకుండా గొలుసుతో కట్టేయాలి, బార్, ప్లేట్లు స్కూలు గదిలో పెట్టి పీఈటీ గారి దగ్గర తాళం ఉంచాలి. పెట్టేముందు రాడ్ల మీద నిండు బరువు పడేసి చూడాలి, ఇది మాత్రం దయచేసి మర్చిపోవద్దు.

మా ర్యాక్ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి వెల్డింగ్ షాపులోనే ఉంచాం. ఈ నెలలో ఇద్దరు వచ్చి ఫొటో తీసుకెళ్లారట. అధికారులెవరైనా అడిగితే ఆ కాగితం, ర్యాక్ రెండూ చూపిస్తాం.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా