శుక్రవారం టోకెన్ ఇచ్చే ముందు

చి. ల. సౌ. అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, మాట వినకపోవడం కూడా ఎప్పటిలాగే ఉంది.

రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆస్తి కాగితాల 11 ఫోటోలూ చూశాను. కింద ‘ఓకేనా నాన్నా? శుక్రవారం టోకెన్’ అని పెట్టావు, అంటే కొనేవాళ్ళు ఇచ్చే బయానా. ఓకేనో కాదో ఒక్క ముక్కలో తేలేది కాదు. ఫోన్లో మొదలుపెడితే ‘సైట్ విజిట్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా’ అంటావు. అందుకే కాగితం తీశాను. ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా ఊళ్ళోవాళ్ళ ఆస్తుల గురించి రాసీ రాసీ ఇంట్లోవాళ్ళకి ఎలా రాయాలో మర్చిపోయాను. ఇప్పటికే రెండుచోట్ల ‘ఇందుమూలముగా’ అని రాసి కొట్టేశాను.

నువ్వు సాఫ్ట్‌వేర్ మానేసి రియల్ ఎస్టేట్‌లో చేరానన్న రోజు నేనేమీ అనలేదు. మీ అమ్మ మాత్రం ‘బ్రోకరా?’ అంది. అనకూడని మాటేమీ కాదులే. మన ఊళ్ళో ఆ మాటకున్న పరువు ఆమెకి తెలుసు, అంతే. నీ విజిటింగ్ కార్డు మీద ‘సీనియర్ ప్రాపర్టీ కన్సల్టెంట్’ అని ఉంది. చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే సీనియర్ ఎలా అయ్యావో నాకు తెలియదు. దాని కింద రెరా, అదే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చే ఏజెంట్ నంబరు మాత్రం లేదు. 2016 నాటి చట్టం ప్రకారం రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించే ఏజెంటు తనూ రిజిస్టరవ్వాలి. మీ కంపెనీ నంబరు మీద పని చేస్తున్నావేమో, సరే. కానీ ఆ కాగితంలో నీ పేరు ఉందో లేదో చూసుకో. లేకపోతే నీ పేరు మీదే తీసుకో, అయిదేళ్ళు పనికొస్తుంది. డబ్బు చాలకపోతే నేను పంపుతాను. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆ రంగురంగుల కార్డులు తగ్గించు.

పోయిన నెల మీ పెద్ద మావయ్యకి ఫోన్ చేసి ప్రీలాంచ్ ఆఫర్ అన్నావట, అంటే రెరా నంబరు రాకముందే అమ్మడం. అది నాకు నచ్చలేదు. చుట్టాలకి అమ్మినందుకు కాదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 ఫ్లాట్లు దాటో కట్టేవాడు రెరా నంబరు రాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 500 మీటర్లంటే మన లెక్కలో సుమారు 600 గజాలు. అలాంటి దాన్ని అమ్మిపెట్టిన ఏజెంటుకి రోజుకి 10 వేల చొప్పున జరిమానా పడొచ్చు, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా. నంబరు వచ్చాక కూడా అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. ‘అందరూ అమ్ముతున్నారు నాన్నా’ అంటావని తెలుసు. అమ్ముతున్నారు. మావయ్య రిటైర్మెంటు డబ్బు మాత్రం నీ మొహం చూసి ఇస్తాడు, బిల్డరు మొహం చూసి కాదు. ఆయనకి ఫోన్ చేసి ఇప్పుడే వద్దని చెప్పు.

ఇక అసలు సంగతికొస్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1994లో, ఇంకా అంతా చేత్తో రాసే రోజులు. 98లో రిజిస్ట్రేషన్లకి కంప్యూటర్లు వచ్చి మా పని పోతుందని మేమంతా బెంగపడ్డామే, దానికి నాలుగేళ్ళ ముందు. ఒక మధ్యాహ్నం మూడున్నరకి ఇద్దరు అన్నదమ్ములు, ఒక ఆర్టీసీ కండక్టరు, వాళ్ళని కలిపిన పెద్దమనిషి నా బల్ల దగ్గరకి వచ్చారు. ఊరి చివర 5 సెంట్ల ఖాళీ స్థలం. అన్నదమ్ముల తండ్రి సొంత సంపాదనతో కొన్నాడు, వీలునామా రాయకుండా పోయాడు, భార్య అంతకు ముందే పోయింది. నేను అలవాటుగా అడిగాను, ‘ఆడపిల్లలు?’ అని. చిన్నవాడు తల దించుకున్నాడు. పెద్దవాడు అన్నాడు, ‘ఒక చెల్లెలుందండీ, బళ్ళారి ఇచ్చాం. పసుపు కుంకుమల కింద ఎప్పుడో ఇవ్వాల్సింది ఇచ్చేశాం.’

ఇచ్చినట్టు కాగితం లేదు. స్వార్జితం, వీలునామా లేదు, కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికీ కొడుకులతో సమానంగా వాటా. మన రాష్ట్రంలో పిత్రార్జితంలో కూడా ఆడపిల్లలకి హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇక్కడ దాని అవసరం కూడా లేదు. నాకు ఇవన్నీ తెలుసు. పెద్దమనిషి నా చెవి దగ్గరకి వంగి, ‘నాలుగు దాటితే తీసుకోరు, రేపట్నుంచి మూఢం, కండక్టరు గారు సెలవు పెట్టి వచ్చారు’ అన్నాడు. కండక్టరు భార్య వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో స్టీలు క్యారేజీ, డబ్బు అందులోనే ఉంది. నా రాతకూలి వంద చిల్లర.

రాశాను. ‘ఈ ఆస్తిపై మాకు తప్ప అన్యులకు ఎట్టి హక్కు భుక్తములు లేవనియు’ అని నా దస్తూరీతో, గుండ్రంగా రాశాను.

ఏడేళ్ళకి బళ్ళారి నుంచి దావా వచ్చింది. అప్పటికి కండక్టరు అందులో రెండు గదులు వేసుకున్నాడు. కోర్టు చుట్టూ కొన్నాళ్ళు తిరిగి చివరికి రాజీ పడ్డాడు. ఆ చెల్లెలి వాటాకి అప్పటి ధర కట్టి ఇచ్చాడు. తప్పు ఆమెది కాదు, ఆమెకి రావాల్సింది ఆమె అడిగింది. అన్నదమ్ముల దగ్గర అప్పటికి పైసా లేదు. ఆయన పీఎఫ్ లోను తీశాడు, ఆవిడ మెడలోవీ చేతులవీ పోయాయి. అదంతా అయ్యాక ఒకరోజు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే నా బల్ల దగ్గరకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. టికెట్ల బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఒక్కటే అడిగాడు. ‘ఏవండీ, రాసేటప్పుడు మీకు తెలుసా?’

తెలియదన్నాను.

ఆయన తలూపి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పెద్దమనిషి అప్పటికే వేరే బేరంలో ఉన్నాడు.

ఆ రోజు నా కళ్ళు మూసింది వంద రూపాయలు కాదు. అప్పటికే సగం రాసేశాను, అందరూ చుట్టూ నిలబడ్డారు, బేరం నా వల్ల ఆగిందనిపించుకోవడం ఇష్టం లేదు. నీ పనిలో ఇది ఇంకా ఎక్కువ అమ్మడూ. రాతకూలి నాకు ఎలాగూ వస్తుంది. నీకు మాత్రం బేరం కుదిరితేనే డబ్బు. లోపం కనిపెడితే రూపాయి రాదు, కనిపెట్టకపోతే లక్ష వస్తుంది. అలాంటప్పుడు కంటికి పొర ఎవరూ తెచ్చి కప్పక్కర్లేదు, దానంతటదే వస్తుంది. అబద్ధం చెప్పే ఏజెంట్ల గురించి నాకు భయం లేదు, వాళ్ళు నలుగురికీ తెలిసిపోతారు. అడగాల్సిన ప్రశ్న గొంతు దాకా వచ్చి మింగేసేవాళ్ళే ఎక్కువ. నేనూ అందులో ఒకణ్ణి.

మీ ట్రైనింగులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూస్తే చాలని చెప్పారట. చాలదు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. బళ్ళారి చెల్లెలు అందులో కనపడదు. కోర్టులో నడుస్తున్న దావా, తెల్ల కాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు కూడా కనపడవు. తండ్రి పేరున ఉన్న ఆస్తిని పిల్లలు అమ్ముతుంటే మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రెండూ చేతికి వచ్చేదాకా ధర మాట ఎత్తకు. మైనర్ పేరు తగిలితే కోర్టు అనుమతి ఏదని అడుగు. అమ్మేవాడు జీపీఏ, అంటే యజమాని రాసిచ్చిన అధికార పత్రం, పట్టుకుని వస్తే, ఇచ్చినవాడు ఉన్నాడో లేడో, రద్దు చేశాడేమో కనుక్కో. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన ఆస్తి చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో నువ్వే కొట్టి చూడు, వాళ్ళిచ్చిన స్క్రీన్‌షాట్ నమ్మకు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములన్నీ అక్కడే బయటపడతాయి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడు, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మీ హైదరాబాదులో ఆ మూడక్షరాలు చిన్నపిల్లలకి కూడా తెలుసంటున్నారు.

కొలతల దగ్గర జాగ్రత్త. నువ్వు సెంట్లు విని పెరిగావు, అక్కడివాళ్ళు గుంటల్లో మాట్లాడతారు. సెంటుకి 48.4 గజాలు, గుంటకి 121. ఎకరానికి ఎటు నుంచి లెక్కేసినా 4840 రావాలి, రాకపోతే ఎవరో ఎక్కడో తప్పు చెప్పారని. ఫ్లాటైతే కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే నేల, ముందు చెప్పు. 1500 అడుగులని విని వచ్చినవాళ్ళు లోపల టేపు పెట్టి 1100 కూడా రాకపోతే నీ మొహమే చూస్తారు. హద్దులు మాత్రం కాళ్ళతో నడిచి చూడు. కొనేవాళ్ళు లేనప్పుడు ఒకసారి, వాన పడ్డాక ఒకసారి వెళ్ళు. పక్కన ఇస్త్రీ బండి అతనికి, కిరాణా కొట్టు ఆవిడకి తెలియని తగాదా ఉండదు.

కానీ ఒక్కదానివే వెళ్ళకు. తెలియనివాళ్ళు ఫోన్ చేసి ఖాళీ ఫ్లాటు చూపించమంటే లొకేషన్ మాకో, నీ ఫ్రెండ్‌కో పెట్టి, వాచ్‌మన్‌కి చెప్పి పైకి వెళ్ళు. మీ అమ్మ ఈ వాక్యం కింద గీత గీయమంది. గీశాను.

డబ్బు ఎవరిదైనా నీ ఖాతాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. టోకెన్ నేరుగా అమ్మేవాళ్ళ ఖాతాలోకి, చెక్కో ఆన్‌లైనో. ఆస్తి అడ్వాన్సు 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా కింద పోవచ్చు. ‘నువ్వు లెక్కపెట్టమ్మా’ అని సంచీ ఇస్తే ముట్టుకోకు. నీ కమీషన్ ఎంతో, ఎవరు ఎప్పుడు ఇస్తారో మొదటి రోజే మెసేజ్ రూపంలో ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక ‘ఏదో చూసి ఇద్దాం’ అనేవాళ్ళని నా బల్ల ముందు వందల మందిని చూశాను.

మొదటి ఆరు నెలలు రాబడి లేకపోయినా కంగారు పడకు. 2014లో రాజధాని ఇక్కడే అనగానే మన జిల్లాలో టీ బడ్డీలకి కూడా రియల్ ఎస్టేట్ బోర్డులు వేలాడాయి, నీకు గుర్తుండే ఉంటుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ బోర్డులన్నీ ఎండకి వెలిసిపోయాయి. మన వీధి చివర ఒకాయన మాత్రం ఆ అయిదేళ్ళూ తిన్నాడు. అద్దె ఇళ్ళు చూపించాడు, లింకు డాక్యుమెంట్లకి, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులకి, సర్టిఫైడ్ కాపీలు తెప్పించి పెట్టాడు, వద్దని చెప్పాల్సిన చోట వద్దన్నాడు. 2024లో మళ్ళీ బోర్డులకి రంగులు వేశారు. జనం ముందు ఆయన దగ్గరకే వెళ్ళారు.

ఇక నీ 11 ఫోటోలు. ఈసీ బాగానే ఉంది. లింకు డాక్యుమెంటు 2003ది, కొన్నది తండ్రి. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు, ఒక అమ్మ. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లేదు. అడిగావా, ఉంది కానీ పంపలేదా, నాకు తెలియదు. 2003 దస్తావేజులో తండ్రి సంతకం పక్కన సాక్షిగా ఒక అల్లుడి సంతకం ఉంది, ‘అల్లుడు’ అని బ్రాకెట్లో వాళ్ళే రాశారు. అల్లుడున్నాడంటే కూతురుండాలి కదా. ఆమె పేరు ఈ కాగితాల్లో ఎక్కడా లేదు.

టోకెన్ సంగతి కొనేవాళ్ళతో నువ్వే మాట్లాడు, ఏం చెప్పాలో నీకు తెలుసు. ఇంకొకటి, ఫోటోలు వంకరగా తీస్తున్నావు, కాగితం నాలుగు మూలలూ పడాలి. నీకు గోంగూర పచ్చడి సీసా రేపటి బస్సుకి పంపుతున్నాను, పొద్దున్నే తీసుకో. ఆ దస్తావేజులో 4వ పేజీ తర్వాత 6వ పేజీ ఉంది. 5వ పేజీ నువ్వు తీయడం మర్చిపోయావా, వాళ్ళే ఇవ్వలేదా, ముందు అది కనుక్కుని ఫోన్ చెయ్.

ఇట్లు,
నాన్న