కడియపులంక నుంచి ఉత్తరం

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందిందిరా. మీ బ్రిటన్‌లోని డోవర్ రేవులో దిగుమతి సరుకు మీద కట్టించుకునే ఫీజు గురించి నువ్వు రాసింది చదివి నిద్ర పట్టలేదంటే నమ్ము. 2024 ఏప్రిల్ 30 నుంచి ఐరోపా మొక్కలకీ, మాంసం, జున్ను లాంటివాటికీ జాబితాలో రాసిన ఒక్కో రకానికి 10 నుంచి 29 పౌండ్లు. తనిఖీకి ఆపినా ఆపకపోయినా కట్టాల్సిందే. ఒకసారి తెచ్చిన సరుకంతటికీ కలిపి 145 దాటదు, నిజమే. కానీ లారీ నిండా ఒకే రకం తెచ్చినవాడు 29తో బయటపడతాడు, అయిదు రకాలు కాసినికాసిని తెచ్చినవాడు 145 కట్టుకోవాలి. ఎక్కడి న్యాయంరా ఇది?

మన కడియం లారీ నీకు తెలుసుగా. చెక్కలు వేసి అంతస్తులుగా పేరుస్తాం, కింద క్రోటన్లు, మధ్యలో మందారాలు, పైన గులాబీ కవర్లు. హాలెండ్ నుంచి నీ దగ్గరకొచ్చే చిన్న వ్యాపారి బండీ అంతే. రకానికింత అంటే ముందు దెబ్బతినేది అతనే.

అలాగని తనిఖీ వద్దనను. కొబ్బరికి పట్టే సర్పిలాకార తెల్లదోమ అనే పురుగు మన దేశంలో మొదట 2016లో పొల్లాచి దగ్గర కనబడింది. అసలు పుట్టిల్లు మధ్య అమెరికా. ఇప్పుడు కోనసీమ తోటల్లోకి వెళ్లి కొబ్బరాకు తిప్పి చూడు, అడుగున తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా ఉంటుంది. దాని బంక కింది ఆకుల మీద పడి మసి పట్టి, అరటీ, కోకో కూడా నల్లబడిపోతాయి. అంబాజీపేట పరిశోధనా స్థానం వాళ్లిచ్చే ఆ దోమని చంపే ఐసేరియా అనే శిలీంద్రం కొట్టుకుంటూ రైతులు నెట్టుకొస్తున్నారు. సరిహద్దులో ఆకు తిప్పి చూసే మనిషికి జీతమివ్వడానికి నేనైతే సంతోషంగా కడతాను.

కానీ చూసిన పనికే కట్టాలి. దేశాల మధ్య వ్యాపారానికి 1947లో రాసుకున్న గాట్ ఒప్పందం 8వ అధికరణం చెప్పిందీ అదే: ఫీజు చేసిన సేవకయ్యే ఖర్చుకి దగ్గరగా ఉండాలి, ఖజానా నింపే పన్ను కాకూడదు. డోవర్‌లో దిగిన సరుకు చూడ్డానికి కెంట్‌లో కట్టిన సెవింగ్టన్ తనిఖీ కేంద్రం నడవాలంటే డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. ఆ భారం బరువునిబట్టో, విలువనిబట్టో వేస్తే చిన్నవాడు బతుకుతాడు కదా.

అన్నట్టు, పిన్నికి మోకాళ్ల నొప్పి తగ్గింది, నిన్న గుడికి నడిచే వచ్చింది.

2025 మేలో బ్రిటన్, ఐరోపా ఈ తనిఖీలు చాలావరకు తీసేసే ఒప్పందానికి సరేననుకున్నాయి. అది అమలైతే నీకు మొక్కలమ్మే ఆయనకి ఎంత మిగులుతుందో అడిగి రాయి. మన నర్సరీవాళ్లకి చూపించాలి.

నీ
సూరిబాబు