హోమర్ మరిచిపోయిన పద్దులు

ప్రియమైన సుబ్బూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు, కోపం. "ఉద్యోగ విరమణ అయ్యాక భాగవతం చదువుకుంటావనుకుంటే ఆ గ్రీకు పుక్కిటి పురాణాలు పట్టుకున్నావేమిటి? ట్రాయ్ యుద్ధం ఒట్టి కట్టుకథ" అని ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు. ముప్పై నాలుగేళ్లు ఆడిట్ చేసినవాణ్ణి నేను. రుజువు లేని పద్దు మీద ఎన్నడూ సంతకం పెట్టలేదు. అలాగని వోచరు చిరిగిపోయింది కాబట్టి అసలు ఖర్చే జరగలేదనీ ఎన్నడూ రాయలేదు. ఇప్పుడు కోపం చల్లారింది. కాఫీ తెచ్చుకుని కూర్చో, ఇది కాస్త పొడుగు ఉత్తరం.

ముందు ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్ నగరంలోకి చొరబడ్డారంటూ నువ్వు వెక్కిరించిన చెక్క గుర్రం, ఆ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్‌లో లేనే లేదు. ఆయన మరో కావ్యం ఒడిస్సీలో మాత్రం గడిచిపోయిన ముచ్చటగా వస్తుంది. ఇలియడ్ అంతా ట్రాయ్ మీద గ్రీకుల పదేళ్ల ముట్టడిలో పదో ఏట జరిగిన కొన్ని వారాల కథ. ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం ఆగిపోతుంది, అప్పటికి నగరం ఇంకా నిలబడే ఉంటుంది. రెండో సర్గలో ఏ ఊరు ఎన్ని ఓడలు పంపిందో పెద్ద జాబితా ఉంది. పాత అలవాటు పోదు కదా, కాగితం మీద కూడి చూశాను: 1186 ఓడలు. అంత నౌకాదళాన్ని నేనూ నమ్మను.

ట్రాయ్‌ను తవ్వి తీశాడని పేరు పొందిన జర్మన్ ష్లీమాన్‌ను నమ్మలేమని నువ్వు రాసిందీ నిజమే. టర్కీలో హిసార్లిక్ దిబ్బే ట్రాయ్ అని ముందు గట్టిగా నమ్మి, అక్కడ కొంత భూమి కూడా కొనుక్కున్నవాడు ఫ్రాంక్ కల్వర్ట్. పేరు మాత్రం ష్లీమాన్‌కు దక్కింది. ఆయన దిబ్బను నిలువునా కోసుకుంటూ పోయి, 1873లో బంగారం దొరకగానే అది హోమర్ చెప్పిన ట్రాయ్ రాజు ప్రయామ్ నిధి అని లోకానికి చాటాడు. తీరా అది ఆ యుద్ధం జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతది. వెతుకుతున్న పొరల్లో ఎంతో భాగాన్ని ఆయన తవ్వి పారబోసి కిందికి దిగిపోయాడు! ఆ బంగారం బెర్లిన్ చేరి, 1945లో అక్కడి నుంచి మాస్కో వెళ్లి, ఇప్పుడు పుష్కిన్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి మనిషిని నేనైతే స్టోరు రూము తాళం కూడా నమ్మి ఇవ్వను.

కానీ దిబ్బ అబద్ధం చెప్పదు. అక్కడ ఒకదాని మీద ఒకటిగా తొమ్మిది ముఖ్యమైన పొరలున్నాయి. ఆరో పొరలో వాలుగా పేర్చిన గొప్ప రాతి గోడలున్నాయి. ఆ నగరం క్రీస్తుపూర్వం 1300 ప్రాంతంలో, బహుశా భూకంపానికి, దెబ్బతింది. దాని మీద లేచిన ఊళ్లో కోట లోపల చిన్న చిన్న ఇళ్లు ఇరుకుగా కట్టుకున్నారు, నేలలో మెడ దాకా కాగులు పాతి తిండి దాచుకున్నారు. క్రీస్తుపూర్వం 1180 ప్రాంతంలో అది తగలబడింది. ఎవరు తగలబెట్టారో ఎవరూ సంతకం పెట్టి పోలేదు.

ఇక ఆ కాలంలో నేటి టర్కీలో చాలా భాగాన్ని ఏలిన హిట్టైటు రాజుల మట్టి పలకలు. వాటిలో విలుసా అనే రాజ్యం ఉంది. దాని పాలకుడు అలక్సందు, క్రీస్తుపూర్వం 1280 ప్రాంతంలో హిట్టైటు రాజు మువతల్లితో ఒప్పందం చేసుకున్నాడు. గ్రీకు రాణి హెలెన్‌ను ఎత్తుకుపోయి యుద్ధానికి కారణమైన ట్రాయ్ రాజకుమారుడు పారిస్‌కు ఇలియడ్‌లో మరో పేరు అలెగ్జాండ్రోస్. ఇంకో పలకలో ఒక హిట్టైటు రాజు అహ్హియవా రాజుకు రాస్తూ, విలుసా విషయంలో మన మధ్య వచ్చిన తగవు ఇప్పుడు తీరిపోయింది కదా అంటాడు. హోమర్ గ్రీకులను పిలిచే పేరు అఖాయియన్లు. అహ్హియవా వాళ్లదేనని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం. హెలెన్ పేరు మాత్రం ఏ పలకలోనూ లేదు.

ట్రాయ్‌కు హోమర్ వాడే మరో పేరు ఇలియోస్. విలుసా ఎక్కడ, ఇలియోస్ ఎక్కడ అంటావని తెలుసు. ఇది నీ వృత్తికి సంబంధించిన సంగతి కాబట్టి జాగ్రత్తగా చదువు. తాళపత్రంలో పద్యానికి గణభంగమైతే చాలు, "ఇక్కడ ఏదో అక్షరం పోయింది" అని నువ్వు పట్టేస్తావు కదా! హోమర్ పాదాల్లోనూ అలాంటి చోట్లున్నాయి. ఇలియోస్ అన్న మాట వచ్చినప్పుడు దాని ముందు ఒక హల్లు ఉంటే తప్ప నడక కుదరని పాదాలున్నాయి. ఆ హల్లు "వ". అంటే అది ఒకప్పుడు విలియోస్. పాడేవాళ్ల నోటి నుంచి ఆ అక్షరం ఎప్పుడో జారిపోయింది, ఛందస్సు మాత్రం దాని చోటు ఖాళీగా ఉంచింది. బంగారం దొరికిన కథకన్నా నాకు ఈ ఖాళీ మీదే నమ్మకం ఎక్కువ.

చదువు రానివాళ్లు అన్నేళ్లు ఎలా గుర్తుపెట్టుకున్నారని అడిగావు. కారెంపూడిలో పల్నాటి వీరుల కథ విన్నవాడివి, నువ్వు అడగవలసిన ప్రశ్నేనా ఇది? మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ 1930లలో యుగోస్లావియా వెళ్లి అక్కడి గాయకుల పాటలు రికార్డు చేశాడు. వాళ్లలో అవ్దో మెజెదోవిచ్ అనే ఆయనకు చదవడం, రాయడం రాదు. ఒకే కథను పన్నెండు వేల పాదాలకు పైగా పాడాడు. కంఠస్థం చేసి కాదు, సిద్ధంగా ఉన్న పదబంధాలను ఎప్పటికప్పుడు అల్లుకుంటూ. హోమర్‌లో గ్రీకు వీరుడు అకిలీస్ కూర్చున్నా వడిగల కాళ్లవాడే, తెల్లవారితే ఉషస్సుకు గులాబీ వేళ్లే. పాదంలో బిగిసిపోయిన మాట, ఆ వస్తువు లోకంలో కనుమరుగైనా పోదు. పదో సర్గలో మరో గ్రీకు వీరుడు ఒడిస్యూస్ పెట్టుకునే అడవిపంది కోరల శిరస్త్రాణం అలాంటిదే. హోమర్ కాలానికి అలాంటిది వాడుకలో లేకుండా పోయి కొన్ని వందల ఏళ్లయింది. ఆ యుద్ధం జరిగిందనుకునే మైసీనీ కాలపు గ్రీకు సమాధుల్లో మాత్రం కోరల వరుసలతో సహా దొరికింది.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చాను. ఇలియడ్‌లో గ్రీకుల పక్షాన ఉన్న ముసలి రాజు నెస్టర్ ఊరు పైలోస్. 1939లో కార్ల్ బ్లెగెన్ అక్కడ ఒక కొండ మీద మొదటి కందకం తవ్వితే నేరుగా రికార్డు రూములో పడ్డాడు! వందల మట్టి పలకలు. వాటి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడు, వృత్తికి ఆయన భవనాల ఆర్కిటెక్టు. అది పాత గ్రీకు భాషే. పాటలుంటాయని ఆశపడ్డవాళ్లకు దొరికినవి ఏమిటో తెలుసా? లెక్కలు. గొర్రెలు, రథచక్రాలు, నూనె, కంచు, రావలసినది ఎంత, బకాయి ఎంత. క్రీట్ ద్వీపంలోని క్నోసోస్‌లో ఇదే లిపిలో ఒక గుమాస్తా కాడెద్దుల పేర్లు కూడా రాశాడు, నల్లోడు, మచ్చలోడు అన్నట్టు. ఆ పలకలు కాల్చినవి కావు, ఎండబెట్టినవి. క్రీస్తుపూర్వం 1180 ప్రాంతంలో పైలోస్ రాజభవనం తగలబడినప్పుడు ఆ మంటకే కాలి గట్టిపడ్డాయి. నిప్పు అంటుకుంటే దస్త్రాలు మిగిలిన కార్యాలయం నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

ఆ పద్దుల్లో ఒకచోట "నాలుగు చెవుల దిపా" అని గిన్నె పేరు, పక్కనే దాని బొమ్మ. ఇలియడ్ పదకొండో సర్గలో నెస్టర్ పాత్రను హోమర్ "దెపాస్" అంటాడు. దానికీ నాలుగు చెవులే. హెక్టర్ పేరు, అకిలీస్ పేరు కూడా పలకల్లో ఉన్నాయి. వీరులుగా కాదు, మామూలు మనుషులుగా.

పాట మరిచిపోయిందల్లా గుమాస్తానే. హోమర్ రాజులు మేకను స్వయంగా కోసి కాల్చుకుంటారు. వాళ్ల ఇళ్లలో లెక్క రాసేవాడు ఒక్కడూ లేడు. రాత అన్నది ఇలియడ్ మొత్తంలో ఒక్క చోట, అదీ ఏవో కీడు చేసే గుర్తులన్నట్టుగా వస్తుంది. పలకల్లో రాజు "వనక్స్". "బసిలేవుస్" అన్న మాట కంచుపనివాళ్ల మీద పెత్తనం చేసే స్థానిక పెద్దకు వాడారు. హోమర్ దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దే రాజైపోయాడు. భవనాలు కూలాయి, రాజులు పోయారు, రాయడం వచ్చినవాళ్లు పోయారు, మిగిలింది ఊరి పెద్దలే. రాజంటే ఎలా ఉంటాడో గాయకులు వాళ్లను చూసే ఊహించుకున్నారు. అందుకే యుద్ధం జరిగిందా లేదా అన్న నీ ప్రశ్నకు నా జవాబు, ఆడిట్ భాషలో: ఆస్తులు సరిపోయాయి, తేదీలు సరిపోలేదు, పేర్లు తారుమారయ్యాయి.

ఒక్క చోట మాత్రం పాటా పద్దూ ఒకే మాట చెబుతున్నట్టు నాకు తోస్తుంది. ఆరో సర్గలో హెక్టర్ భార్యతో అంటాడు: ట్రాయ్ పోవడం కన్నా నా తమ్ముళ్లు చావడం కన్నా నన్ను బాధించేది, ఎవడో నిన్ను ఏడుస్తుండగా తీసుకుపోతాడనీ, గ్రీకుల ఆర్గోస్‌లో ఎవరి మగ్గం ముందో కూర్చుని నేస్తావనీ, వాళ్లకు నీళ్లు మోస్తావనీ. పైలోస్ పలకల్లో వందలాది ఆడకూలీల జాబితాలున్నాయి: వడికేవాళ్లు, నేసేవాళ్లు, పిండి విసిరేవాళ్లు. కొందరిని వాళ్లు వచ్చిన చోటి పేరుతోనే రాశారు: మిలేటస్ వాళ్లు, క్నిడోస్ వాళ్లు, లెమ్నోస్ వాళ్లు. అన్నీ సముద్రానికి ఆవల, ట్రాయ్ వైపు చోట్లే. సొంత పేర్లు రాయలేదు. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది ఆడపిల్లలు, ఇంతమంది మగపిల్లలు. వాళ్లకు గింజలు ఇంత, అత్తిపళ్లు ఇంత. నేను అలాంటి రిజిస్టర్లు ఎన్నో తిరగేశాను, మొత్తాలు సరిపోయాయా లేదా అనే చూశాను. ఈ పట్టిక దగ్గర మాత్రం చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఇలియడ్ అనువాదం ఒకటి పోస్టులో పంపాను. మొదటి సర్గ వదిలేసి ఆరో సర్గ చదువు, తరువాత ఎంతైనా తిట్టు. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? చెల్లెమ్మను అడిగానని చెప్పు. పోయినసారి పంపిన గోంగూర పచ్చడి అయిపోయిందని కూడా చెప్పు.

నీ
రాఘవ