ఇంటి ఇంక్యుబేటర్‌తో పాటు తెలుగు కరపత్రం కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, ఓ కంట్రోలర్. నాటుకోడి గుడ్లు పొదిగించే ఇంటి ఇంక్యుబేటర్ అంటే ఇంతే. అమ్మేవాళ్లు 'గుడ్లు పెట్టండి, 21 రోజులకు పిల్లలు తీసుకోండి' అని చెప్పి పంపేస్తున్నారు. సగం గుడ్లు మురిగిపోతే కొన్నవాళ్లు గుడ్లను తిట్టుకుని పెట్టెను అటకెక్కిస్తున్నారు. చాలాసార్లు తేడా ఉష్ణోగ్రత కొలవడంలోనే వస్తోంది. ప్రతి పెట్టెతోనూ ఒక పేజీ తెలుగు కరపత్రం ఇవ్వాలని అమ్మకందారులను కోరుతున్నాం. అందులో ఏముండాలో ఇక్కడ రాస్తున్నాం.

ఫ్యాను ఉన్న పెట్టెలో గుడ్ల ఎత్తున 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్యాను లేకపోతే వేడి పైకి చేరి అడుగు చల్లగా ఉంటుంది కాబట్టి గుడ్డు పైభాగం దగ్గర 38.5 చూపాలి. సెన్సర్ వైరును బల్బు పక్కనో గోడకు ఆనించో వదిలేస్తే తెరపై అంకె సరిగ్గానే కనిపిస్తుంది, గుడ్డు దగ్గర వేడి మాత్రం వేరుగా ఉంటుంది. దాన్ని గుడ్ల మధ్య, గుడ్డు ఎత్తులో కట్టాలి. చౌక పెట్టెల్లో కంట్రోలర్‌గా ఎక్కువగా డబ్ల్యూ1209 అనే బోర్డు ఉంటోంది. ఫ్యాక్టరీ సెట్టింగులో అది చల్లబరిచే పద్ధతిలో, 2 డిగ్రీల తేడాతో వస్తుంది. అంటే వేడి పద్ధతికి మార్చి 37.5కు పెట్టినా 35.5కి పడిపోయేదాకా బల్బు వెలగదు. బోర్డులో పీ0 అనే సెట్టింగులో 'హెచ్' (వేడి పద్ధతి) పెట్టి, ఆ తేడాను చూపే పీ1 సెట్టింగును 0.2 లేదా 0.3కు తగ్గించాలి. తర్వాత జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు మొనను గుడ్ల మధ్య పెట్టి చూడండి. అది 99.5 ఫారన్‌హీట్ చూపితే 37.5 ఉన్నట్టే. బోర్డు అంకెకూ దీనికీ తేడా ఉంటే పీ4 సెట్టింగులో సరిచేయవచ్చు. ఇదంతా గుడ్లు పెట్టకముందే, ఖాళీ పెట్టెను 24 గంటలు నడిపి తేల్చుకోవాలి. బల్బులు రెండూ వేర్వేరుగా వెలిగేలా కలిపి ఉండాలి. అప్పుడు ఒకటి మాడినా రెండోది కాపాడుతుంది. కరెంటు పోతే మూత తీయకుండా దుప్పటి కప్పండి. గంటో రెండు గంటలో చల్లబడినా పిండం తట్టుకుంటుంది, పిల్ల కాస్త ఆలస్యంగా వస్తుంది. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే మాత్రం బతకదు. అందుకే వేడి తగ్గడం కంటే పెరగడానికే ఎక్కువ భయపడాలి.

గుడ్లు వారం లోపువి కావాలి, కడగకూడదు. మన ఎండాకాలంలో గదిలో ఉంచితే 27 డిగ్రీలు దాటగానే పిండం అరకొరగా ఎదగడం మొదలై చచ్చిపోతుంది. ఫ్రిజ్ మరీ చల్లన. తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో, గుడ్లు తడవకుండా, సన్నటి కొన కిందికి పెట్టి దాచితే మేలు. బస్సులో తెచ్చిన గుడ్లను పెట్టెలో పెట్టేముందు ఒకరోజు కదపకుండా ఉంచండి. వనరాజా, గ్రామప్రియ సంకర కోళ్లు. వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలకు తల్లి గుణాలన్నీ రావని కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గీత, రెండోవైపు సున్నా పెట్టి రోజుకు మూడు లేదా ఐదుసార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి ఎక్కువసేపు కదలకుండా ఉండే వైపు రోజూ మారుతుంది. తిప్పకపోతే పిండం పొరకు అంటుకుపోతుంది.

తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం చాలు. తేమ పెరగాలంటే నీళ్ల లోతు పెంచితే లాభం లేదు, గిన్నె వెడల్పు పెంచాలి. కోస్తాలో వానాకాలంలో ఒక్కోసారి నీళ్లే అక్కర్లేదు, రాయలసీమ ఎండల్లో వెడల్పాటి పళ్లెం కావాలి. మీటరు మీద నమ్మకం లేకపోతే తూకం చూడండి. 45 గ్రాముల గుడ్డు 18వ రోజుకు 39, 40 గ్రాములకు రావాలి. అంతకంటే బరువుంటే లోపల నీరు ఆరలేదు, పిల్ల అందులోనే ఊపిరాడక పోతుంది.

గుడ్లు పెట్టిన రోజును సున్నాగా లెక్కించాలి. ఏడో రోజు చీకట్లో టార్చిపై గుడ్డు పెడితే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే వట్టిగుడ్డు. ఎర్రటి ఉంగరంలా గీత కనిపిస్తే పిండం చచ్చినట్టు. రెండూ తీసేయాలి. లేకపోతే మురిగిన గుడ్డు పగిలి మిగతావీ పాడవుతాయి.

18వ రోజు నుంచి తిప్పడం ఆపి, తేమ 65 నుంచి 70కి పెంచి, మూత వేసి వదిలేయాలి. ఎక్కువ పిల్లలు పోయేది ఇక్కడే. తేమ పోతుందని గాలి రంధ్రాలు మూసేస్తారు, సరిగ్గా అప్పుడే పిల్లకు గాలి ఎక్కువ కావాలి. పిల్ల ముక్కుతో పెంకు పగలగొట్టగానే, చూడాలన్న ఆత్రంతో మూత తీస్తారు. తేమ ఒక్కసారిగా పడిపోయి లోపలి తెల్లపొర ఎండి పిల్లను బిగదీస్తుంది. పెంకుకు చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. ఈలోగా వేలితో పెంకు ఒలిస్తే నరాలు తెగి రక్తం కారుతుంది. బయటికొచ్చిన పిల్ల తడి ఆరి బొచ్చు విచ్చేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి. కడుపులోకి పీల్చుకున్న పచ్చసొనతో రెండు రోజులు మేత లేకున్నా ఉంటుంది.

పొదగని గుడ్లను పారేయకుండా పగలగొట్టి చూడండి. తేటగా ఉన్నవి ఎక్కువైతే లోపం పుంజుది, పది పెట్టలకు ఒక పుంజైనా ఉండాలి. మొదటి వారంలో పోయినవైతే గుడ్డు దాచిన తీరు చూసుకోవాలి. పూర్తిగా ఎదిగి లోపలే పోతే చివరి మూడు రోజుల తేమ, గాలి. అన్నీ 19, 20 రోజులకే వచ్చేస్తే వేడి ఎక్కువ, 22 దాటితే తక్కువ.

పిల్లలకు మొదటివారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి 3 డిగ్రీలు తగ్గించాలి. కింద వార్తాపత్రిక ఒక్కటే పరిస్తే జారి కాళ్లు విచ్చుకుపోతాయి, గోనెసంచి పరవాలి. కొక్కెర తెగులుకు ఐదో రోజు నుంచి ఏడో రోజులోపు లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయించాలి. కలిపిన మందు రెండు గంటలు దాటితే పనికిరాదు, ఇరవై పిల్లల కోసం సీసా తెరిస్తే మిగతాదంతా వృథా. ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే రోజు గుడ్లు పెట్టుకుంటే ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. ఈ ఏర్పాటు పశువైద్యశాలలు చేయిస్తే బాగుంటుంది.

— కొందరు నాటుకోళ్ల పెంపకందారులు, జంగారెడ్డిగూడెం, ఏలూరు జిల్లా