ఆదివారం ప్యాకర్స్ మ్యాచ్: వచ్చేవాళ్లు తప్పక చదవండి

అందరికీ నమస్కారం!
ఈ ఆదివారం మధ్యాహ్నం 12కి గ్రీన్ బేలో, లాంబో ఫీల్డ్‌లో మ్యాచ్. మిల్వాకీ నుంచి దాదాపు రెండు గంటల దారి. ఉదయం 7:30కి బయల్దేరదాం.

మొదటిసారి వస్తున్నవాళ్ల కోసం: ప్యాకర్స్ అంటే గ్రీన్ బే ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్, 1919లో పుట్టింది. టీమ్‌ను మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన కర్లీ లాంబో పనిచేసిన మాంసం ప్యాకింగ్ కంపెనీ జెర్సీలకు డబ్బిచ్చింది, పేరు అలా వచ్చింది. దీనికి ఓనర్ అంటూ ఒకరు లేరు. ఐదు లక్షల మందికి పైగా అభిమానులే వాటాదారులు. పైసా డివిడెండ్ రాదని తెలిసీ కొన్నారు! లక్ష జనాభా ఉన్న ఊరి టీమ్ 13 లీగ్ టైటిళ్లు గెలిచిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక చలి. 1967 డిసెంబర్ 31న ఇక్కడే మైనస్ 25 డిగ్రీల్లో ఆడారు, స్టేడియం నిండిపోయింది. మనం కూర్చునేది అల్యూమినియం బెంచీల మీద. తలా ఒక అట్టముక్క తెచ్చుకుని పాదాల కింద వేసుకోండి, సిమెంటు చలి పైకి ఎక్కదు. పిల్లలకు రెండు జతల సాక్సులు.

పులిహోర నేను తెస్తాను, లోపలికి వెళ్లే ముందే పార్కింగ్‌లో తినేద్దాం.

కారులో సీటు కావాలంటే శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి. టికెట్ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బ్యాగు ట్రాన్స్‌పరెంట్‌దే తేవాలి, మర్చిపోకండి.