సెమీకోలన్ల మూట సంగతి

ఒరే శీనూ,

మూడు నాలుగు ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లు (డేటాబేస్‌కిచ్చే ఆదేశాలు) సెమీకోలన్లతో మూటకట్టి ఒకే స్ట్రింగుగా పంపితే అన్నీ ప్రైమరీకే, అంటే రాతలు తీసుకునే ప్రధాన సర్వర్‌కే పోతున్నాయనీ, దాని నకళ్లైన రెప్లికాలు ఊరికే కూర్చుంటున్నాయనీ రాశావు. నీ అప్లికేషన్‌కీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కీ మధ్య కూర్చుని క్వెరీలని పంచే పీజీపూల్ తప్పేం లేదురా. అది అలాగే చెయ్యాలి.

మధ్యలో కూర్చున్న పొరకి సెమీకోలన్ లెక్క కాదు, మెసేజ్ లెక్క. పోస్ట్‌గ్రెస్ సింపుల్ క్వెరీ పద్ధతిలో ఆ మూటంతా ఒకే మెసేజ్. ఫలితాలు స్టేట్‌మెంటుకొకటి వస్తాయి గానీ, ఇంకో క్వెరీకి సిద్ధం అని సర్వర్ చెప్పే 'రెడీ ఫర్ క్వెరీ' చివర్లో ఒక్కసారే వస్తుంది. పైగా నువ్వు మొదలుపెట్టే బిగిన్ రాయకపోయినా సర్వర్ ఆ మూటని ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే జరిగితే అన్నీ లేకపోతే ఏదీ లేదన్నట్టు నడుపుతుంది. మూడోది ఫెయిలైతే మొదటి రెండూ వెనక్కి పోతాయి. సెలెక్ట్‌ని తీసి రెప్లికాకి, అప్‌డేట్‌ని ప్రైమరీకి పంపితే ఈ హామీ పోతుంది. అందుకే మూటని విప్పకుండా ప్రైమరీకి తోసేస్తుంది. అందులో వాక్యూమ్ (టేబుల్‌లో పాత చెత్త తుడిచే ఆదేశం) లాంటిది పెట్టావంటే ట్రాన్సాక్షన్‌లో కుదరదని ఎర్రర్ వచ్చేది కూడా ఇందుకే.

పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ క్లయింటు పీఎస్‌క్యూఎల్‌లో టైప్ చేసి చూస్తే అంతా బాగానే ఉందన్నావు చూడు, అక్కడే మోసపోయావు. అది సెమీకోలన్ దగ్గర తనే విడగొట్టి ఒక్కొక్కటిగా పంపుతుంది. నీ అప్లికేషన్ పంపినట్టే పంపాలంటే మైనస్ సీ (-c) ఆప్షన్‌తో మొత్తం స్ట్రింగు ఇవ్వు, లేదా సెమీకోలన్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు. అప్పుడు అసలు రంగు బయటపడుతుంది.

నన్నడిగితే దీనికన్నా భయపడాల్సింది, కొన్ని సర్వర్ కనెక్షన్లనే చాలామంది క్లయింట్లకి పంచే పీజీబౌన్సర్ దగ్గర. ట్రాన్సాక్షన్ మోడ్‌లో ట్రాన్సాక్షన్ అయిపోగానే సర్వర్ కనెక్షన్‌ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ 'రెడీ ఫర్ క్వెరీ'తో వచ్చే ఒక్క అక్షరంతో: ఐ (I) అంటే ఖాళీ, టీ (T) అంటే ట్రాన్సాక్షన్ నడుస్తోంది, ఈ (E) అంటే ట్రాన్సాక్షన్ చెడింది. మూటలో బిగిన్ ఉండి ముగించే కమిట్ మరిచిపోతే టీ దగ్గరే ఆగిపోతుంది, కనెక్షన్ నీ దగ్గరే ఇరుక్కుపోతుంది. డిఫాల్ట్ పూల్ సైజు, అంటే పంచుకునే కనెక్షన్ల సంఖ్య, 20. అలాంటివి 20 పోగైతే ఆ పూల్‌లో మిగతా క్లయింట్లంతా వరసలో నిలబడాల్సిందే, డేటాబేస్ మీద లోడేమీ లేకపోయినా సరే.

ఇంకోటి, మూట మొదట్లో 'సెట్ స్టేట్‌మెంట్ టైమౌట్' (ఒక స్టేట్‌మెంట్ ఎంతసేపు నడవొచ్చో చెప్పేది) పెట్టే అలవాటుంటే వెంటనే మానుకో. ఆ సెట్టింగు కనెక్షన్‌కి అంటుకుని తర్వాత వచ్చినవాడికి పోతుంది. సెషన్ సెట్టింగులని తుడిచే డిస్కార్డ్ ఆల్ ఉందిలే అనుకోకు, మామూలుగా అది నడిచేది సెషన్ మోడ్‌లోనే, అంటే క్లయింటు వెళ్లేదాకా కనెక్షన్ వాడికే ఉండే పద్ధతిలోనే. 'సెట్ లోకల్' వాడితే ట్రాన్సాక్షన్‌తోనే పోతుంది. సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లకీ (అప్లికేషన్ తనకోసం వేసుకునే తాళాలకీ) ఇదే ప్రమాదం.

మైఎస్‌క్యూఎల్ కథ వేరు. మల్టీ స్టేట్‌మెంట్ ఫ్లాగ్ క్లయింటే అడిగి తెరిపించుకోవాలి. ఆటోకమిట్ ఉంటే ఏ స్టేట్‌మెంటుకి అదే కమిట్ అవుతుంది. మధ్యలో ఒకటి ఫెయిలైతే ముందువి నిలిచిపోతాయి, తర్వాతివి అసలు నడవవు. ఫలితాలన్నీ చివరిదాకా చదవకుండా ఇంకో క్వెరీ పంపితే కమాండ్లు వరస తప్పాయని తిడుతుంది. అక్కడ పీజీపూల్‌లా మధ్యలో కూర్చునే మ్యాక్స్‌స్కేల్ కూడా మూటని ప్రైమరీకే పంపుతుంది. 'స్ట్రిక్ట్ మల్టీ స్టేట్‌మెంట్' ఆన్ చేశావంటే ఆ సెషన్‌లో ఆ తర్వాతివన్నీ అక్కడికే, కాబట్టి తెలిసి ఆన్ చెయ్యి.

ఇక నీ పోస్ట్‌గ్రెస్‌కి నువ్వు చెయ్యాల్సింది. విలువలని ప్యారామీటర్లుగా విడిగా పంపే ఎక్స్‌టెండెడ్ ప్రోటోకాల్‌కి మారు. అందులో ఒక పార్స్ మెసేజ్‌కి ఒకే స్టేట్‌మెంట్, రెండోది పెడితే సర్వరే తిప్పికొడుతుంది. పీజీబౌన్సర్ 1.21 లేదా ఆపైది ఉంటే ట్రాన్సాక్షన్ మోడ్‌లోనూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు నడుస్తాయి, 'మ్యాక్స్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్' సున్నా కాకుండా చూసుకో. అయితే మూట విప్పాక ఒక గుంట ఉంది: ఇన్సర్ట్ ప్రైమరీకి పోయి, వెనకే వచ్చిన సెలెక్ట్ వెనకబడిన రెప్లికాకి పోతే, ఇప్పుడే రాసిన డేటా కనబడదు. కలిసి ఉండాల్సినవాటిని బిగిన్, కమిట్ మధ్య పెట్టు. రాత జరిగాక అదే ట్రాన్సాక్షన్‌లోని సెలెక్టులని పీజీపూల్ డిఫాల్ట్‌గా ప్రైమరీకే పంపుతుంది. ఒంటరి సెలెక్టులని మాత్రం బయటికి వదిలెయ్, రెప్లికాలకి పని దొరికేది వాటితోనే.

మార్చాక లాగ్‌లో ఏ నోడ్‌కి ఏది పోయిందో చూసి నాకు రాయి.

నీ
రఘు